రాత్రి రెండు గంటలకు ఎకోలు ఎందుకు తగ్గాయి? జెమినిడ్ ఉల్కాపాతం, రేడార్ లెక్కలు

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కలిసి ఉన్నాయి కాబట్టి ముందు వాటిని విడదీసుకుంటాను. మీరు హనుమకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నారు. గత డిసెంబరులో డాబా మీద మూడు కడ్డీల యాగీ యాంటెన్నాను ఉత్తరం వైపు పెట్టి, యూఎస్‌బీ రేడియో రిసీవర్‌తో దూరపు ఎఫ్‌ఎం స్టేషన్ల మీద జెమినిడ్ ఉల్కల ఎకోలు, అంటే ఉల్క గీతను తాకి మళ్లి వచ్చే రేడియో సంకేతాలు, లెక్కపెట్టారు. 13వ తేదీ రాత్రి పదకొండు దాకా పెరుగుతూ వచ్చిన సంఖ్య, మిథున రాశి దాదాపు నడినెత్తికి చేరిన రెండు గంటల వేళ సగానికి పడిపోయింది. తెల్లవారుజామున మళ్లీ లేచింది. రిసీవర్‌లో ఏదో లోపం ఉందని మీ గైడు అన్నారు. ఈ డేటా పనికొస్తుందా, తిరుపతి దగ్గరి గాదంకి రేడార్ డేటా అడగాలా, హైదరాబాద్ వాతావరణ రేడార్‌లో ఉల్కలు కనబడతాయా, సొంతంగా చిన్న రేడార్ కట్టవచ్చా అన్నవి మీ సందేహాలు.

మీ రిసీవర్‌కు ఏమీ కాలేదు. ఆ రెండు గంటల పల్లమే మీ డేటాలో అన్నిటికన్నా నమ్మదగిన భాగం. అది లేకుండా వచ్చి ఉంటే నేను అనుమానించేవాణ్ణి.

కంటితో చూసేవాడికీ రేడార్‌కూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. రేడియంట్ అంటే ఉల్కలన్నీ వస్తున్నట్టు కనిపించే ఆకాశ బిందువు. కంటికి అది ఎంత ఎత్తుకు లేస్తే అన్ని ఎక్కువ ఉల్కలు కనబడతాయి. రేడార్ చూసేది ఉల్క వెలుగును కాదు, అది వెనక వదిలిన అయాన్ల గీతను. పొడవు కిలోమీటర్లలో, మందం మీటర్లలో ఉండే ఆ సన్నని గీత రేడియో తరంగాన్ని అన్ని వైపులకూ చెదరగొట్టదు, అద్దంలా ఒకే కోణంలో తిప్పి పంపుతుంది. ఎండలో తిరిగే సైకిల్ చక్రం పుల్ల ఒక్క కోణంలోనే తళుక్కుమంటుంది కదా, అలా. రేడార్ నుంచి గీతకు వెళ్లే చూపు ఆ గీతకు సరిగ్గా లంబంగా ఉంటేనే ఎకో తిరిగి వస్తుంది. ఒక ఉల్కాపాతంలోని గీతలన్నీ సమాంతరంగా, రేడియంట్ దిశలోనే ఉంటాయి. అందువల్ల వాటి ఎకోలు ఆకాశంలో రేడియంట్‌కు 90 డిగ్రీల దూరాన ఉన్న వలయం మీద నుంచి మాత్రమే రాగలవు.

ఇప్పుడు వరంగల్ లెక్క చూడండి. జెమినిడ్ రేడియంట్ పునర్వసు నక్షత్రాల పక్కనే, క్రాంతి (ఆకాశపు మధ్యరేఖ నుంచి దూరం) సుమారు 33 డిగ్రీలు ఉత్తరం. మన అక్షాంశం 18 డిగ్రీలు. డిసెంబరు 13, 14 తేదీల్లో ఆ బిందువు రాత్రి 7.20 ప్రాంతంలో ఈశాన్యాన ఉదయించి, 2.10కి 75 డిగ్రీల ఎత్తుకు చేరి, ఉదయం తొమ్మిదికి అస్తమిస్తుంది. అది 75 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఉల్కలు దాదాపు నిట్టనిలువుగా దిగుతుంటాయి. వాటికి లంబంగా చూడాలంటే దిగంతం వైపు చూడాలి. ఆ వలయంలో ఒక సగం భూమి కింద ఉంటుంది, పైనున్న సగంలోనూ చాలా భాగం దిగంతాన్ని అంటుకునే ఉంటుంది. అక్కడి గీతలు వందల కిలోమీటర్ల దూరాన ఉంటాయి, ఎకోలు బలహీనంగా వస్తాయి. దూరపు స్టేషన్‌ను వినే మీ పద్ధతిలో ప్రసార కేంద్రానికీ మీకూ మధ్య నడిదారిలో అడ్డంగా పడుకున్న గీతలు కావాలి. నిలువు గీతలు అక్కడ పనికిరావు. రెండు చోట్లా ఫలితం ఒకటే: ఉల్కలు ఎక్కువగా పడే గంటలో ఎకోలు తక్కువ.

రేడియంట్ 45 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు పరిస్థితి అనుకూలంగా ఉంటుంది. వరంగల్‌లో ఆ వేళలు రాత్రి పదకొండు, తెల్లవారుజామున 5.20. మీ గ్రాఫులోని రెండు గుట్టలూ సరిగ్గా అక్కడే ఉన్నాయి, గమనించారా? ఈ రెండు అంకెలనూ, వాటి లెక్కనూ ఒక కాగితం మీద రాసి మీ గైడుకు చూపించండి. రిసీవర్ లోపం గోళీయ త్రికోణమితి ప్రకారం వచ్చి పోదు.

రెండు గుట్టల్లో నేను రాత్రి పదకొండుదాన్నే నమ్ముతాను. ఏ ఉల్కాపాతానికీ చెందని విడి ఉల్కలు రోజూ పడుతూనే ఉంటాయి. భూమి తన కక్ష్యలో ముందుకు దూసుకుపోయే వైపు మనం ఉండేది తెల్లవారుజామునే కాబట్టి ఉదయం ఆరు గంటలకు అవి అత్యధికం, సాయంత్రం ఆరుకు అత్యల్పం. తెల్లవారుజామున మీకు దొరికే ఎకోల్లో జెమినిడ్లు ఎన్నో, ఈ విడివి ఎన్నో ఒక్క రాత్రి రికార్డు చూసి చెప్పలేరు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఉదయపు గుట్టను చూసి ఉల్కాపాతం ఉచ్ఛస్థితి అని రిపోర్టులో రాసేస్తారు. అదే గుట్ట నవంబరు 28న కూడా వస్తుందని చూసుకోరు.

అందుకే ఈ విడి ఉల్కల నేపథ్యాన్ని తీసివేయకుండా ఏ అంకెనూ ప్రకటించకండి. నవంబరు 25 నుంచి డిసెంబరు 22 దాకా రికార్డింగ్ ఆపకుండా నడవాలి. జెమినిడ్లు ఉండేది స్థూలంగా డిసెంబరు 4 నుంచి 17 వరకు. అటూ ఇటూ ఉన్న రోజులే మీ నేపథ్యం. తీసివేసేటప్పుడు గంటకు గంట తీయాలి. రాత్రి పదకొండు గంటల సంఖ్య నుంచి మామూలు రోజుల పదకొండు గంటల సగటునే తీయాలి, రోజంతటి సగటును కాదు. గంటకు 25 ఎకోలు వస్తే దానిలోని యాదృచ్ఛిక దోషం వర్గమూలం, అంటే 5. నూటికి ఇరవై వంతులు! ఆ దోషపు గీతలు గ్రాఫు మీద గీశాక, మీకు కనిపించిన చిన్న చిన్న ఎగుడుదిగుళ్లలో సగం మాయమవుతాయి. పెద్ద పల్లం మాత్రం నిలుస్తుంది.

ఇంతకన్నా మంచి పని ఒకటి ఇదే డేటాలో దాగి ఉంది. మీరు ఎకోలన్నిటినీ ఒకే రాశిలో పోశారు. వాటిని నిడివిని బట్టి వేరు చేయండి. సెకను లోపు టిక్కుమని పోయేవి ఒక వరస, ఐదు సెకన్లు దాటి నిలిచేవి ఇంకో వరస. గీతలో మీటరుకు దాదాపు రెండు కోట్ల కోట్ల కన్నా తక్కువ ఎలక్ట్రాన్లు ఉంటే అది పలుచని గీత. తరంగం దానిలోంచి దూరిపోతూ కొద్దిగా చెదురుతుంది, గీత వ్యాపించగానే ఎకో చచ్చిపోతుంది. అంతకన్నా చిక్కనిది లోహపు స్తంభంలా ప్రవర్తించి చాలాసేపు నిలుస్తుంది. పలుచనివి ఇసుక రేణువుల పని, చిక్కనివి పెద్ద ముక్కల పని. జెమినిడ్లలో ఈ రెండు జాతులూ ఒకే రోజున శిఖరానికి చేరవు. చిన్నవి ముందు వస్తాయి, పెద్దవి తరువాత. రేడార్లకు చిక్కే సన్నరేణువుల శిఖరం కంటితో చూసేవారి శిఖరం కన్నా అర రోజు నుంచి ఒక రోజు ముందుంటుంది. సూర్యకాంతి వేల ఏళ్లపాటు చిన్న రేణువుల కక్ష్యలను పెద్దవాటికన్నా ఎక్కువగా మార్చుకుంటూ రావడం దీనికి కారణం. హనుమకొండలో డాబా మీద కూర్చుని ఈ తేడాను పట్టుకోగలిగితే అంతకన్నా మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

శిఖరాన్ని తేదీతో రాయకండి, సూర్యుడి రేఖాంశంతో, అంటే కక్ష్యలో భూమి ఎక్కడుందో చెప్పే కోణంతో, రాయండి. క్యాలెండరు ఏటా ఆరు గంటలు జరుగుతుంది, లీపు సంవత్సరంలో వెనక్కి దూకుతుంది. జెమినిడ్ల శిఖరం మాత్రం ప్రతి ఏడూ సూర్య రేఖాంశం 262.2 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మీ డేటాను వచ్చే ఏటి డేటాతో పోల్చాలంటే ఇదొక్కటే దారి.

జెమినిడ్లను ఎంచుకోవడం మంచి పని చేశారు. తెలిసి చేశారో లేదో గాని, రేడియో పద్ధతికి ఇంతకన్నా అనువైన ఉల్కాపాతం లేదు. వేగం సెకనుకు 35 కిలోమీటర్లు. లియోనిడ్లు 71, పెర్సీడ్లు 59. వేగంగా వచ్చేవి పైనే, 100 కిలోమీటర్లకు మించిన ఎత్తులో, కాలిపోతాయి. అక్కడ గాలి పలుచన కాబట్టి గీత పుట్టుకతోనే మీటర్ల వెడల్పున ఉంటుంది. దాని ఒక అంచు నుంచి వచ్చే తరంగం ఇంకో అంచు నుంచి వచ్చేదాన్ని రద్దు చేస్తుంది. లియోనిడ్లలో రేడార్‌కు కనబడకుండా పోయేవే ఎక్కువ. జెమినిడ్లు 90, 95 కిలోమీటర్ల దాకా దిగుతాయి, పైగా గట్టి ముక్కలు. వాటి తల్లి తోకచుక్క కాదు, ఫేథాన్ అనే 3200వ గ్రహశకలం. 1983లో ఐరాస్ ఉపగ్రహం దాన్ని కనిపెట్టింది. 1.43 ఏళ్లకోసారి సూర్యుడికి 0.14 ఖగోళ ప్రమాణాల (భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో నూటికి 14 వంతుల) దగ్గరిదాకా వెళ్లి కాగి వస్తుంది. ఆ కాగడంవల్లే జెమినిడ్ వర్ణపటాల్లో సోడియం తక్కువగా ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇక వాతావరణ రేడార్. కనబడవు. పలుచని గీత ఎకో ఎంతసేపు నిలుస్తుందన్నది తరంగదైర్ఘ్యపు వర్గం మీద ఆధారపడుతుంది. ఆ వర్గాన్ని 16π² తోనూ, గీత ఎంత వేగంగా పలచబడుతుందో చెప్పే వ్యాపన గుణకంతోనూ భాగిస్తే క్షీణకాలం వస్తుంది. 90 కిలోమీటర్ల ఎత్తున గుణకం సెకనుకు 5 చదరపు మీటర్లు అనుకుందాం. 35.25 మెగాహెర్ట్జ్ ఉల్కా రేడార్‌కు, అంటే 8.5 మీటర్ల తరంగానికి, సెకనులో దాదాపు పదో వంతు వస్తుంది. పది సెంటీమీటర్ల తరంగంతో పనిచేసే వాతావరణ రేడార్‌కు వచ్చేది 13 మైక్రోసెకన్లు. అసలు గీత వెడల్పే తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి ఆ మాత్రం కూడా దక్కదు. పైగా ఆ రేడార్లు వెతికేది మేఘాలుండే ఎత్తుల్లో. వాటికి ఉల్కలతో పని పడేది ఒకే సందర్భంలో: వేగం చచ్చి, రాళ్లుగా కిందికి రాలేటప్పుడు. 2012 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని సటర్స్ మిల్ దగ్గర పడిన రాళ్లను వెతకడానికి వాతావరణ రేడార్లే దారి చూపాయి. అది ఉల్కాపాతం కథ కాదు.

ఇదే సూత్రాన్ని 100 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎంకు వేస్తే సెకనులో నూరో వంతే వస్తుంది, మరి నాకు ఎకోలు ఎలా వినిపించాయి అని మీరు అడగాలి. తరంగం తిరిగి వెనక్కి రాకుండా, ఏటవాలుగా తగిలి ముందుకు పోయినప్పుడు క్షీణకాలం పెరుగుతుంది. వెయ్యి కిలోమీటర్ల దారికి ఆ పెరుగుదల ఇరవై రెట్లు ఉంటుంది. అంటే సెకనులో ఐదో వంతు, చెవికి టక్కున అందేంత. దూరపు స్టేషన్‌ను ఎంచుకోవడంలోని రహస్యం ఇదే. నలభై కిలోమీటర్లలోని స్టేషన్‌తో ఈ పని చేయలేరు.

గాదంకి విషయం. అక్కడి ఎంఎస్‌టీ రేడార్ (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ పొరలను చూసేది) గొప్ప యంత్రం: 53 మెగాహెర్ట్జ్, 130 మీటర్ల చదరపు మైదానంలో 1,024 యాంటెన్నాలు, మొదట కట్టినప్పుడు 2.5 మెగావాట్ల శిఖర శక్తి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళశాస్త్ర విభాగం వారు దానితో జెమినిడ్లను పరిశీలించారు కూడా. కాని ఎకోలు లెక్కపెట్టడానికి అది మీ మొదటి ఎంపిక కాకూడదు. దాని పుంజం మూడు డిగ్రీల సన్ననిది. అది నిలువుగా చూస్తుంటే, లంబకోణపు నియమం ప్రకారం రేడియంట్ దిగంతం మీద ఉన్నప్పుడు మాత్రమే జెమినిడ్ గీతలు దానికి చిక్కుతాయి. 20 డిగ్రీలు వంచితే రేడియంట్ ఎదుటి దిక్కున 20 డిగ్రీల ఎత్తుకు వచ్చినప్పుడు చిక్కుతాయి. మిగతా రాత్రంతా వచ్చేవి వేరే రకాలు. ఉల్క ముక్క చుట్టూ దానితోపాటే కదిలే ప్లాస్మా గోళం నుంచి వచ్చే శిరో ఎకోలు వాటిలో ముఖ్యమైనవి. అవి ఉల్క వేగాన్ని నేరుగా చెబుతాయి, అందమైన శాస్త్రం. కాని ముడి సిగ్నల్‌తో కుస్తీ పట్టాలి, ఒక సెమిస్టరులో తేలదు.

మీకు కావలసింది ఆకాశమంతా ఒకేసారి చూసే ఉల్కా రేడార్. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2013 నుంచి, కేరళలోని తుంబాలో 2004 నుంచి అలాంటివి ఉన్నాయి. రెండూ 35.25 మెగాహెర్ట్జ్‌వే. శిలువ ఆకారంలో అమర్చిన ఐదు రిసీవర్ యాంటెన్నాల మధ్య దశ తేడాను బట్టి ఒక్కొక్క ఎకో ఏ దిక్కు నుంచి వచ్చిందో అవి చెప్పేస్తాయి. నిజానికి వాటిని కట్టింది 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తులోని గాలులు కొలవడానికి. ఉల్కలు వాళ్లకు గాలిలో కొట్టుకుపోయే గుర్తులు మాత్రమే. కాని ప్రతి ఎకో దిక్కూ తెలిస్తే, దానికి 90 డిగ్రీల దూరంలో ఒక మహావృత్తం గీయవచ్చు. కొన్ని వందల వృత్తాలు గీశాక అవన్నీ కలుసుకునే చోటే రేడియంట్. ఇంతవరకూ ఎకోల సంఖ్యతో తికమక పెట్టిన జ్యామితి ఇక్కడ మీకు సేవ చేస్తుంది. డేటా అడగాలనుకుంటే మీ విభాగం తరఫున, డిసెంబరు ఏ తేదీలవి, ఏ పట్టికలు కావాలో స్పష్టంగా రాసి, మీ గైడు సంతకంతో అడగండి. "ఉల్కల డేటా పంపగలరు" అని ఒక ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు.

సొంత రేడార్ వద్దు. ప్రసారం చేయాలంటే టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం అనుమతి తప్పనిసరి. వినడానికి అంత గొడవ లేదు, మీరు వినేవారిగానే ఉండండి. మన దేశంలో ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1933 నవంబరులో లియోనిడ్లు పడుతున్నప్పుడు కలకత్తాలో భౌతికశాస్త్రవేత్త ఎస్.కె. మిత్రా బృందం అయనోస్ఫియర్ మీద రేడియో పరీక్షలు చేసి, ఉల్కల ప్రభావం గురించి 1934లో ప్రచురించింది. బ్రిటన్‌లో శాస్త్రవేత్త బెర్నార్డ్ లోవెల్ యుద్ధంలో మిగిలిన సైన్యపు రేడార్‌ను జోడ్రెల్ బ్యాంక్ పొలాల్లో ఆన్ చేసింది 1945 డిసెంబరు 14న. ఆయన వెతికింది కాస్మిక్ కిరణాలను, దొరికింది మీ జెమినిడ్లు.

డాబా మీది పనికి వస్తాను. స్టేషన్ ఎంపిక అన్నిటికన్నా చిరాకైనది. ఒకే పౌనఃపున్యాన్ని దేశంలో పలు ఊళ్లలో వాడతారు. వరంగల్, నిజామాబాద్, ఆదిలాబాద్, కొత్తగూడెం ఆకాశవాణి కేంద్రాల పక్కన ఉన్నవన్నీ వదిలేసి, పగలు పూర్తిగా బుసబుస మాత్రమే వినిపించే చోటును వెతకండి. తరువాత పొడవైన ఎకోల కోసం కాచుకోండి. ఆ బుసలోంచి హఠాత్తుగా ఒక పాట చరణం, లేదా ప్రకటనలో సగం వాక్యం, తెరలు తెరలుగా ఊగి మునిగిపోతుంది. ఆ మూడు నాలుగు సెకన్లలో భాష ఏదో పట్టుకోండి. హిందీ వస్తే ఉత్తరపు దారి, బెంగాలీ అయితే తూర్పు, మలయాళం అయితే దక్షిణం. జైపూర్, పట్నా, కోల్‌కతా, తిరువనంతపురం అన్నీ మనకు వెయ్యి, పదకొండు వందల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, ఢిల్లీ కాస్త ఎక్కువ. జెమినిడ్లకు నేను సూచించే దారి, రాత్రి గుట్టకు జైపూర్, ఢిల్లీ వైపు. అప్పుడు రేడియంట్ తూర్పు ఈశాన్యాన, ఆ దారికి దాదాపు లంబంగా ఉంటుంది. ఉదయపు గుట్టకు పట్నా వైపు అదే పని చేస్తుంది. రెండు యాంటెన్నాలు పెట్టగలిగితే మరీ మంచిది.

వెయ్యి కిలోమీటర్ల దారిలో ఎకో పుట్టేది ఐదు వందల కిలోమీటర్ల అవతల. మీ దిగంతం నుంచి అది ఎనిమిది, తొమ్మిది డిగ్రీల ఎత్తు మాత్రమే. పద్మాక్షి గుట్ట నీడలో ఉన్న డాబాకు ఆ దిక్కు మూసుకుపోవచ్చు. పరకాల వైపు ఎవరైనా మిత్రుల ఇల్లు ఉంటే అక్కడ పెట్టండి, కాని బోరుమోటారు స్టార్టరుకు దూరంగా. స్టార్టరు పడినప్పుడల్లా ఒక ఎకో లెక్కలోకి వస్తుంది. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు కూడా అంతే. విమానం మీద నుంచి వచ్చే సంకేతం నిమిషాలపాటు మెల్లగా ఊగుతుంది, దాన్ని చూడగానే గుర్తు పట్టవచ్చు. డిసెంబరు తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చని గాలి పొరలుగా ఏర్పడి మూడు నాలుగు వందల కిలోమీటర్ల స్టేషన్లను గంటలపాటు మోసుకొస్తాయి. ఆ గంటలను నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి. ఉదయపు గుట్ట మీద నాకు నమ్మకం తక్కువ అనడానికి ఇది రెండో కారణం.

రిసీవర్‌లో ఆటోమేటిక్ గెయిన్ తప్పనిసరిగా ఆపేయండి. అది నడుస్తుంటే నిశ్శబ్దంలో తానే సున్నితత్వం పెంచుకుంటుంది, రద్దీలో తగ్గించుకుంటుంది, ఎంత బలమున్న సంకేతాన్ని ఎకోగా లెక్కించాలన్న మీ హద్దు ఎక్కడుందో మీకే తెలియకుండా పోతుంది. హద్దును మొదటి రోజు నిర్ణయించి చివరి రోజు దాకా కదపకండి. కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో సరిచూడండి. ఆడియో మాత్రమే కాక సిగ్నల్ బలాన్ని సెకనుకు కనీసం ఇరవై సార్లు ఫైలులో రాయించండి. నిడివుల వారీగా విడదీయడానికి అది లేకపోతే కుదరదు.

చంద్రుడితో మీకు పని లేదు. 2024లో డిసెంబరు 15న పౌర్ణమి వచ్చి కంటితో చూసేవారికి మంచి జెమినిడ్లు దక్కలేదు, రేడియోకు ఆ రాత్రీ మిగతా రాత్రుల్లాంటిదే.

గత ఏటి ఫైళ్లను పారేయకండి. వాటిలో నేపథ్యపు రోజులు లేకపోయినా నిడివులు ఉంటే, 12, 13, 14 రాత్రుల పదకొండు గంటల ప్రాంతాన్ని మాత్రం తీసుకుని పొట్టి ఎకోలకూ పొడవు ఎకోలకూ నిష్పత్తి వేయండి. నేపథ్యం ఏ రాత్రీ అదే గంటకు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి నిష్పత్తి మార్పు జెమినిడ్ల వల్లే వస్తుంది. 12 నుంచి 14కు పొడవైనవాటి వాటా పెరుగుతూ వచ్చిందో లేదో చూసి, ఆ మూడు అంకెలు ఇక్కడ రాయండి. మీ యాంటెన్నా దిక్కు, స్టేషన్ భాష కూడా రాస్తే జ్యామితి దిద్దుబాటు ఎంత వేయాలో లెక్కకట్టి చెబుతాను.